చంద్రకళ బీరు లైసెన్సు

గోదావరి జిల్లాల్లో విస్తరి ముందు కూర్చున్నవాడి మాటకి విలువ లేదు. వాడు మొదటిసారి "చాలండి" అంటే మొహమాటపడుతున్నాడని లెక్క. రెండోసారి చేతులు అడ్డం పెట్టి "చాలు చాలు" అంటే కూర కుదిరిందని లెక్క. మూడోసారి లేచి పారిపోబోతే అప్పుడు మాత్రం వడ్డించేవాళ్ళు కాస్త ఆలోచిస్తారు, అదీ గరిటె దించకుండా. అక్కడి పిల్లని చేసుకున్నవాళ్ళు ఏడాది తిరిగేసరికి కొత్త కొలతలకి బట్టలు కుట్టించుకోవడం మామూలే.

అంబాజీపేటలో పుట్టిన చంద్రకళకి ఈ విద్య ఉగ్గుపాలతో వచ్చింది. ఐర్లండుకొచ్చి, శ్రీజని కని, ఆ పిల్ల మన ఇంటర్ లాంటి లీవింగ్ సర్ట్ పరీక్షలు రాసే వయసుకొచ్చినా ఆ విద్య పోలేదు. మెయ్‌నూత్‌లో ఆమె నడిపే 'కోనసీమ' హోటల్లో పప్పన్నం అడిగినవాడికి రెండు గరిటెలు అదనంగా పడేవి, వాటికి బిల్లు ఉండేది కాదు. మొగుడు త్రినాథ్ సూర్యాపేటవాడు. డబ్లిన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు వచ్చి కౌంటర్ దగ్గర కూర్చునేవాడు. మనం హోటల్ నడుపుతున్నమా, అన్నదానం చేస్తున్నమా అని వారానికోసారి అడిగేవాడు, జవాబు రాదని తెలిసే అడిగేవాడు.

చంద్రకళకి ఆ హోటలంటే ప్రాణం. పెళ్ళయి ఈ దేశానికి వచ్చిన కొత్తలో ఆమెది డిపెండెంట్ వీసా. వండుకోవచ్చు, తినొచ్చు, కిటికీలోంచి వాన చూడొచ్చు, ఉద్యోగం మాత్రం చెయ్యకూడదు. హైదరాబాద్‌లో త్రినాథ్ పక్క సీట్లో కూర్చుని అతను రాసిన కోడులో తప్పులు దిద్దిన మనిషి, ఇక్కడ ఏళ్ళ తరబడి అతని పేరు వెనక నిలబడింది. ఈ దేశంలో ఆమె పేరు మీద ఉన్న మొదటి వస్తువు లైబ్రరీ కార్డు. రెండోది ఈ హోటలు.

ఆ హోటలుకి ఇప్పుడు గండం వచ్చింది. మధ్యాహ్నాలు యూనివర్సిటీ పిల్లలతో బాగానే గడిచేవి, శనాదివారాలు తెలుగు కుటుంబాలు వచ్చేవి, కానీ అద్దె కట్టేది సాయంత్రాల వ్యాపారం, అదే నడవట్లేదు. ఇక్కడి జంటలు వచ్చేవాళ్ళు. కోటు విప్పేవాళ్ళు, మెనూ చూసి మురిసిపోయేవాళ్ళు, రెండు బీర్లు అడిగేవాళ్ళు. మా దగ్గర మందు లేదండి, మంచి మజ్జిగ ఉంది అని చంద్రకళ చెప్పేది. "గ్రాండ్, నో బాదర్" అని నవ్వి, ఆ నవ్వుతోనే కోటు మళ్ళీ తొడుక్కుని వీధికవతల ఉన్న ఇటాలియన్ హోటలుకి పోయేవాళ్ళు. ఈ దేశంలో ఎవరైనా గ్రాండ్ అన్నారంటే ఇక ఆశ వదులుకోవచ్చని చంద్రకళకి అర్థమైంది. ఎండాకాలం వెళ్ళగానే లీజు అయిపోతుంది. సాయంత్రం బల్లలు నిండకపోతే మళ్ళీ లీజు రాసుకోవడం దండగని అకౌంటెంటు మొహమ్మీదే చెప్పేశాడు. అంటే బీరుంటే హోటలుంటుంది, లేకపోతే చంద్రకళ మళ్ళీ కిటికీ దగ్గరకి పోయి వాన చూసుకోవాలి.

లైసెన్సు అనే మాట వినగానే త్రినాథ్‌కి హుషారొచ్చింది. వాళ్ళ వైపు వైన్ షాపు లైసెన్సంటే లాటరీ. డబ్బున్నవాడు తన పేరునా, భార్య పేరునా, బావమరిది పేరునా, మంచంలో ఉన్న మేనత్త పేరునా దరఖాస్తులు పడేస్తాడు, ఎవరికో ఒకరికి తగులుతుంది. ఆ లెక్కనే ఇక్కడా నాలుగైదు పేర్ల మీద వేద్దామనీ, బోమాంట్ ఆస్పత్రిలో పెద్ద డాక్టరుగా చేసి రిటైరైన మధుసూదనరావు అంకుల్ పేరు కూడా కలుపుదామనీ లాయరు కీరన్‌తో అన్నాడు. కీరన్ కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

ఇక్కడ లాటరీ ఉండదని ఆయన నెమ్మదిగా చెప్పాడు. ఒక్క వైను వరకైతే కోర్టు అక్కర్లేదు, బీరుతో సహా అన్నీ అమ్మాలంటే మాత్రం నాస్ ఊళ్ళో ఉన్న సర్క్యూట్ కోర్టులో జడ్జి ముందు నిలబడాలి. ముందుగా పేపర్లో ప్రకటన వెయ్యాలి, గార్డ్స్‌కీ, అంటే ఇక్కడి పోలీసులకీ, ఫైర్ వాళ్ళకీ తెలియజెయ్యాలి, అడిగే మనిషి మంచి నడవడి గలదై ఉండాలి. మందు బాధ్యతగా వడ్డించడం నేర్పే కోర్సొకటుంది. చట్టం అడక్కపోయినా, ఆ సర్టిఫికెట్ చేతిలో ఉంటే జడ్జి ముందు మాట తేలిగ్గా నడుస్తుంది. మిగతావన్నీ నేను చూసుకుంటాను, ఆ కోర్సొక్కటి పాసై రండి, అదేమంత కష్టం కాదు అన్నాడు కీరన్. పాపం, ఆయన గోదావరి జిల్లాలు చూడలేదు.

కోర్సుకి మొగుడూ పెళ్ళాలిద్దరూ వెళ్ళారు. చెప్పేది డెబోరా అనే ఆవిడ. ముల్లింగార్‌లో వాళ్ళ నాన్నకి పబ్బుండేది, ఆ కౌంటర్ వెనకే పెరిగింది. తలుపు తెరిచే తీరు చూసి, వచ్చినవాడు అప్పటికే ఎంత తాగాడో చెప్పగల మనిషి. రాత పరీక్షలో క్లాసంతటికీ చంద్రకళే ఫస్టు. ఏ వయసువాడికి అమ్మకూడదు, ఏ వేళ దాటాక అమ్మకూడదు, ఏ కార్డు అడగాలి, అన్నీ గడగడా రాసేసింది. ఆ తర్వాత నటన పరీక్ష. డెబోరా కస్టమరు, చంద్రకళ హోటలావిడ.

డెబోరా కుర్చీలో వెనక్కి వాలి, నాకింక చాలు, బిల్లు తెమ్మంది. అది అందరికన్నా తేలిక కస్టమరు, ఒళ్ళు అలవాటు పడ్డానికని మొదట అది పెడతారట. చంద్రకళ నొచ్చుకుంది. అప్పుడే చాలా, ఇంత దూరం వచ్చి ఒక్కటేనా, మా మాటకోసమైనా ఇంకొక్కటి తీసుకోండి అంది. డెబోరా వద్దని తల ఊపింది. చంద్రకళ పరీక్ష కోసం పెట్టిన సీసా తీసి ఆవిడ గ్లాసులోకి ఒంపేసింది.

డెబోరా నిటారుగా కూర్చుంది. "నేను వద్దన్నాను కదా."

"అన్నారండి," అంది చంద్రకళ. "మొదటిసారే కదా అన్నారు."

మాట్లాడింది ఇంగ్లీషే. కానీ ఆమె ఇంగ్లీషులో కూడా 'అండి' వినపడుతుంది.

రెండో కస్టమరు తూలుతూ వచ్చి ఇంకొక్కటి పొయ్యమన్నాడు, అంటే డెబోరాయే తూలింది. ఇక్కడ చెయ్యాల్సింది కాదనడం. చంద్రకళకి ప్రాణం ఒప్పలేదు. నోరు తెరిచి అడిగినవాణ్ణి ఉత్త చేతులతో ఎలా పంపుతాం? చివరికి సగం గ్లాసు పోసి, కొంచెమే పోశానండి అని సంజాయిషీ చెప్పుకుంది. తర్వాత త్రినాథ్ వంతు. డెబోరా ఇంకా తూలడం మొదలుపెట్టకముందే "నో. గో హోమ్" అనేశాడు. కాదనడమంటే ఇలా ఉండాలని డెబోరా క్లాసందరికీ చూపించింది. త్రినాథ్ ఆ రోజంతా ఇంట్లో కాలు మీద కాలేసుకుని తిరిగాడు, అది ఎలా సాధ్యమో అతనికే తెలియాలి.

చంద్రకళ మరోసారి ఫీజు కట్టి వెళ్ళింది. ఈసారి గట్టిగా అనుకునే వెళ్ళింది, "సారీ అండి, ఇంక ఇవ్వలేను" అని చెప్పగలిగింది కూడా. తాగుబోతు వేషంలో ఉన్న డెబోరా మొహం చిన్నబుచ్చుకుంది. అది చూడలేక చంద్రకళ మంచినీళ్ళు తెస్తానని లోపలికెళ్ళి, నీళ్ళతో పాటు బీరూ తెచ్చింది. ఇన్నేళ్ళలో రాత పరీక్షలో ఇన్ని మార్కులొచ్చి దీన్లో ఇలా పోయినవాళ్ళని తాను చూడలేదని డెబోరా నిజంగానే బాధపడింది.

ఇక అప్లికేషన్ త్రినాథ్ పేరు మీదకి మార్చేద్దామని కీరన్ అన్నాడు. అతను పాసయ్యాడు, నడవడి ఉంది, ఉద్యోగముంది. హోటలు కూడా అతని పేరు మీదకి మారిస్తే పని సులువైపోతుంది. త్రినాథ్ కూడా, నిజమే కళా, కాగితం మీద ఎవరి పేరుంటే ఏమి, ఇద్దరం ఒక్కటే గదా అన్నాడు. అతను మంచితోనే అన్నాడు. చంద్రకళకి మాత్రం ఆ మాట గుండెలో గుచ్చుకుంది. తన పేరు మీద లైబ్రరీ కార్డు ఒక్కటే ఉన్న రోజులు గుర్తొచ్చాయి.

"కాదు," అంది. "నా పేరు మీదే ఉండాలి."

చూశావా, కాదనడం వచ్చేసింది అన్నాడు త్రినాథ్ సంబరంగా. పక్కనే ఉన్న శ్రీజ, "దట్ డజంట్ కౌంట్, డాడ్. ఎనీవన్ కెన్ సే నో టు యూ" అంది.

ఇంక ఇంట్లోనే సాధన చేయించాలని శ్రీజ నిర్ణయించింది. హోటలుకి సెలవున్న రోజు సాయంత్రం మధుసూదనరావూ, ఆయన భార్య సీతాలక్ష్మీ వచ్చినప్పుడు సంగతి చెప్పారు. మధుసూదనరావు చుక్క ముట్టని మనిషని మన వాళ్ళందరిలోనూ పేరు. తెలుగువాళ్ళ మీటింగుల్లో ఆరోగ్యం మీద ఉపన్యాసం ఆయనదే, అందులో సగం మందు మీదే. అలాంటి పెద్దాయన, తాగుబోతు వేషం నేను వేస్తాను లెండి అని ముందుకొచ్చాడు. శ్రీజ గ్లాసులో యాపిల్ జ్యూస్ పోసింది.

ఆయన నటిస్తుంటే అందరూ నోళ్ళు తెరుచుకు చూశారు. తూలడం ఎక్కువ చెయ్యలేదు. మాటని కాస్త సాగదీశాడు, కుర్చీని పట్టుకున్న చెయ్యి వదలకుండా రెండో చెయ్యి గాల్లో తిప్పాడు, ఒకే సంగతి మళ్ళీ మళ్ళీ చెప్పాడు, మధ్యలో కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాడు. సీతాలక్ష్మి మొదట నవ్వింది. కాసేపటికి నవ్వు ఆపేసింది. ఇంత వివరంగా ఈయనకెలా వచ్చిందా అన్నట్టు మొగుడి వంక అదోలా చూడ్డం మొదలుపెట్టింది.

"అమ్మాయ్, ఇంకొక్కటి పొయ్యి," అన్నాడు మధుసూదనరావు. "నేను నీకు తండ్రిలాంటివాణ్ణి. నీ పిల్లకి జ్వరమొస్తే ఏ వేళప్పుడు పిలిచినా వచ్చాను. ఎప్పుడైనా కాదన్నానా?"

అది నటనలో మాటే అయినా అబద్ధం కాదు. శ్రీజ పసిపిల్లగా ఉన్నప్పుడు డాక్టరు దొరక్క, కారు లేక, ఇక్కడివాళ్ళ యాస అర్థంకాక చంద్రకళ ఏడుస్తూ కూర్చుంటే ఆయనే ఊరు దాటి వచ్చేవాడు. చంద్రకళ వంటింట్లోకి వెళ్ళి జ్యూసు మొత్తం పట్టుకొచ్చి గ్లాసు నింపింది. నింపి, ఖాళీ కడుపుతో తాగకూడదంకుల్ అని పక్కనే ఒక పళ్ళెం బజ్జీలు కూడా పెట్టింది. శ్రీజ తల పట్టుకుంది.

కోర్టు రోజు రానే వచ్చింది. జడ్జి అరవై దాటిన ఆవిడ, మొహంలో ఏ భావమూ లేకుండా కాగితాలు తిప్పుతోంది. హోటలు ప్లాను బాగుంది, ప్రకటన బాగుంది, ఫైర్ వాళ్ళకి అభ్యంతరం లేదు. శిక్షణ సంగతేమిటని ఆవిడ అడిగింది. మొగుడు పాసయ్యాడనీ, దరఖాస్తుదారు ఇంకా ఆ ప్రయత్నంలో ఉందనీ కీరన్ గొంతు సవరించుకుంటూ చెప్పాడు. ఇంకా అంటే ఏమిటని జడ్జి తిన్నగా చంద్రకళనే అడిగింది. చంద్రకళకి అబద్ధమూ చేతకాదు. రెండుసార్లు తప్పానండి అని చెప్పేసింది. కీరన్ కళ్ళు మూసుకున్నాడు.

"కస్టమరు వద్దంటే మీరేం చేస్తారు?" అంది జడ్జి.

"మళ్ళీ అడుగుతానండి."

"మళ్ళీ వద్దంటే?"

"ఇంకోసారి అడుగుతానండి. అప్పుడు కూడా వద్దంటే నమ్ముతాను."

జడ్జి ఏదో రాసుకుంది. తర్వాత ఈ లైసెన్సుకున్న షరతొకటి చదివి వినిపించింది. మందు ఒక్కటే అమ్మకూడదు, గట్టి భోజనంతో పాటే అమ్మాలి. బీరు అమ్ముకోడానికి పక్కన చిన్న సాండ్‌విచ్ పెట్టి భోజనం అనేవాళ్ళని చాలామందిని చూశాను, మీ హోటల్లో గట్టి భోజనమంటే ఏమిటో చెప్పండి అంది.

చంద్రకళకి భయం పోయింది. ఇన్నాళ్ళకి ఈ దేశంలో ఒకరు సరైన ప్రశ్న అడిగారనిపించింది. ముద్దపప్పుతో మొదలుపెట్టింది. ముద్దపప్పులో నెయ్యి, దాని పక్కన ఆవకాయ, గుత్తివంకాయ కూర, పనసపొట్టు కూర, దొరికితే కంద బచ్చలి, దప్పళం, అందులోకి వడియాలు, అప్పడాలు, చారు. కీరన్ చాలన్నట్టు చిన్నగా దగ్గాడు. చంద్రకళ అది మొదటి దగ్గే కదా అని ముందుకి పోయింది. పులిహోర, బూరెలు. రాసుకుంటున్న గుమస్తా కలం ఆపి వింటున్నాడు.

"ఇదంతా ఒక్కరికా?" అంది జడ్జి.

"మాంసం తినని వాళ్ళకండి. తినేవాళ్ళకి వేరే ఉన్నాయి."

కోర్టులో అందరూ నవ్వారు. వీటన్నిటి తర్వాత ఇంకేమైనా ఉంటుందా అని జడ్జి అడిగింది. చివర పెరుగన్నమండి, పెరుగు వేశాక ఇంక ఏమీ వడ్డించం, ఎంత తిండిపోతైనా పెరుగు కలిపాక వెనక్కి వెళ్ళి కూర అడగడు, చెయ్యి కడిగేసుకోవడమే అని చంద్రకళ చెప్పింది. గార్డ్స్ తరఫున వచ్చిన సార్జెంటుని ఏమైనా అభ్యంతరముందా అని అడిగితే, లేదన్నాడు. తాను ఒకసారి ఆ హోటల్లో మధ్యాహ్నం తిన్నాననీ, ఆ రాత్రి ఇంటి దగ్గర భోజనం చెయ్యలేకపోయాననీ, ఆ విషయంలో తన భార్యకి మాత్రం అభ్యంతరం ఉందనీ అన్నాడు.

జడ్జి లైసెన్సు ఇవ్వొచ్చంది. కానీ వెంటనే మొహం మళ్ళీ మామూలుగా పెట్టుకుంది. తిండి పెట్టడం తెలిసినంత మాత్రాన సరిపోదు, తాగినవాణ్ణి ఆపడం తెలియకపోతే ఒకరోజు ఎవరికో ప్రాణం మీదకొస్తుంది. బీరు మొదలుపెట్టిన నెలలోపు కోర్సు పాసై సర్టిఫికెట్ కోర్టుకి పంపాలి, అప్పటిదాకా గ్లాసులు మొగుడే నింపాలి, పాసవ్వకపోతే ఈ కేసు మళ్ళీ నా ముందుకు రావాలి అంది. చంద్రకళ మాటిచ్చింది.

డెబోరాకి ఫోను చేస్తే, ఇంక నాటకాలు వద్దు, మీ హోటల్లోనే నిజంగా ఎలా చేస్తారో చూస్తానంది. బీరు మొదలుపెట్టే సాయంత్రమే చెల్లెల్ని తీసుకొచ్చి మూల బల్ల దగ్గర కూర్చుంది.

జూన్ నెలాఖరు, శ్రీజ పరీక్షలు అయిపోయాయి. తొమ్మిదవుతున్నా వీధిలో ఎండ అలాగే ఉంది. బల్లలన్నీ నిండాయి. కోటు విప్పినవాళ్ళెవరూ మళ్ళీ తొడుక్కోలేదు. చంద్రకళ ఆ కోట్లని చూస్తూ రెండుసార్లు కళ్ళు తుడుచుకుంది. త్రినాథ్ బీర్లు పోస్తున్నాడు, శ్రీజ పళ్ళేలు అందిస్తోంది. కిటికీ దగ్గర మధుసూదనరావు దంపతులు కూర్చున్నారు. చంద్రకళ వెళ్ళి పలకరిస్తే, ఆయన మెనూ మూసి, లైసెన్సు వచ్చిన శుభసందర్భం కదా, నేనూ ఒక బీరు తీసుకుంటానన్నాడు. సీతాలక్ష్మి మెనూలోంచి తల ఎత్తింది. ఎత్తిన తల మళ్ళీ దించలేదు.

ఒకటయ్యాక ఇంకొకటి తెప్పించుకున్నాడు. తర్వాత ఇంకొకటి. తర్వాత మరొకటి. ఆరోజు ఇంట్లో చేసినవే ఇప్పుడు వరసగా జరుగుతున్నాయి. మాట సాగింది. ఒక చెయ్యి కుర్చీని వదల్లేదు, రెండోది గాల్లో తిరిగింది. బోమాంట్‌లో తాను చేసిన ఆపరేషన్ సంగతి పక్క బల్లవాళ్ళకి చెప్పి, మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. షుగరుందండీ మీకు అని సీతాలక్ష్మి రెండుసార్లు అంది, కారు నేను నడుపుతాలే గానీ ఇక చాలించండి అని కూడా అంది. ఆయన వినిపించుకోలేదు. ఆవిడ మొహం చూడలేక చంద్రకళ అటు తిరిగింది. అటు డెబోరా కూర్చుని ఉంది. నేను పోయి చెప్పనా, నాకు అలవాటే గదా అన్నాడు త్రినాథ్ మెల్లిగా. చంద్రకళ తల అడ్డంగా ఊపి బల్ల దగ్గరకి వెళ్ళింది.

"అమ్మాయ్, ఇంకొక్కటి," అన్నాడు మధుసూదనరావు. ఆయన నవ్వుతున్నాడు గానీ కళ్ళు నవ్వట్లేదు. "నేను నీకు తండ్రిలాంటివాణ్ణి. నీ పిల్లకి జ్వరమొస్తే ఏ వేళప్పుడు పిలిచినా వచ్చాను. ఎప్పుడైనా కాదన్నానా?"

చంద్రకళ వంటింట్లోకి వెళ్ళింది. ఫ్రిజ్ తలుపు తీసింది. పై అరలో బీర్లు. కాదంటే ఆయన మొహం ఎలా అవుతుందో ఊహించుకుంటేనే ఆమెకి ఏడుపొచ్చింది. కాదనకపోతే సీతాలక్ష్మి ఆంటీ మొహం అప్పటికే ఎలా ఉందో చూసింది. హోటలు పోతే పోయింది, ఈయనకిప్పుడు నేనేం పెట్టాలి అనుకుంది. ఆ ప్రశ్న ఆమెకి కొత్తదేమీ కాదు, పుట్టినప్పటినుంచీ ఎవరొచ్చినా అడుక్కున్నదే. చెయ్యి కింది అరలోకి వెళ్ళి పెరుగు గిన్నె పట్టుకుంది.

పళ్ళెంలో వేడన్నం పెట్టి, గడ్డపెరుగు వేసి, అంచున మాగాయ ముక్కలు పెట్టి, తనే తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టింది.

"పెరుగంకుల్," అంది.

మధుసూదనరావు పళ్ళెం వంక చూశాడు. ఆయన డెబ్బై ఏళ్ళ జీవితంలో పెరుగు వడ్డించాక వెనక్కి వెళ్ళింది లేదు, ఆయన తండ్రి వెళ్ళింది లేదు. గాల్లో తిరుగుతున్న చెయ్యి మెల్లిగా దిగి, ఖాళీ గ్లాసుని బల్ల అంచుకి జరిపింది. ఇంకో చెయ్యి కుర్చీని వదిలి అన్నం కలపడం మొదలుపెట్టింది. రెండు ముద్దలు తిన్నాక తల ఎత్తకుండానే, గట్టిదానివైపోయావమ్మా అన్నాడు. ఇంకొంచెం పెరుగు వేస్తాను అంది చంద్రకళ. ఆయన వద్దనలేదు. సీతాలక్ష్మి బల్ల కింద చంద్రకళ చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలింది.

డెబోరా చూస్తూనే ఉంది. చంద్రకళ తన బల్ల దగ్గరకి వచ్చేసరికి, నువ్వు ఆయన్ని కాదన్న మాట నాకు వినపడలేదు, ఏమన్నావు అని అడిగింది. ఏమీ అనలేదండి, పెరుగు వేశానంతే అంది చంద్రకళ. పెరుగు వేస్తే ఏమవుతుందో డెబోరాకి వివరంగా చెప్పాల్సొచ్చింది. ఆవిడ అంతా విని, కిటికీ వైపు మళ్ళీ చూసింది. మధుసూదనరావు బుద్ధిగా మాగాయ ముక్క నంజుకుంటున్నాడు. మా నాన్న పబ్బులో దీనికి ఇద్దరు గట్టి మగవాళ్ళు కావాల్సొచ్చేది అని, పాసు అని చెప్పి, చెల్లెలి గ్లాసుకి తన గ్లాసు తగిలించింది.

చంద్రకళకి ఒక్కసారి ఒళ్ళు తేలికైపోయింది. హోటలు నిలబడింది, తన పేరు మీదే నిలబడింది. ఆ సంతోషంలో డెబోరాని, చాలా, ఇంకా ఏమైనా తీసుకుంటారా అని అడిగేసింది. డెబోరాది అప్పటికే ఎన్నో గ్లాసో త్రినాథ్‌కి లెక్క ఉంది, దూరం నుంచే కనుబొమ్మలు ఎగరేశాడు. డెబోరా కాస్త మెత్తబడ్డ గొంతుతో, పరీక్ష అయిపోయింది కదా, ఇంకొక్క గ్లాసు వైను పొయ్యమంది.

చంద్రకళ ఆవిడ వంక ఆప్యాయంగా చూసి, వంటింటి వైపు తిరిగింది.

"శ్రీజా, ఇక్కడికి పెరుగు పట్రా."